ఆరిన్ లాథ్రప్ నోరు విప్పిన మంగళవారం

వెస్ట్ కార్విన్‌లో ఆరిన్ లాథ్రప్‌ను ఎరగని ఇల్లు లేదు. అతని గొంతు ఎలా ఉంటుందో ఎరిగిన ఇళ్లు మాత్రం చాలా తక్కువ. ముప్పై నాలుగేళ్లు ఆ ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. ఎదురొచ్చిన వాళ్లకు స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు లేపితే పలకరింపు, నాలుగు వేళ్లు లేపితే ముందు రోడ్డు జారుడుగా ఉందని హెచ్చరిక. అంతకు మించి అతనితో మాట్లాడే అవసరం ఎవరికీ రాలేదు, అతనికీ రాలేదు.

అతని భార్య విన్నీ అలా కాదు. ఇరవై ఆరేళ్లు ఊరి బడి వంటగదిలో గరిటె తిప్పిన మనిషి. నూట ఇరవై మంది పిల్లలు ఒక్కసారిగా అరుస్తుంటే, వాళ్లందరి మీదుగా "వరసలో నిలబడండి!" అని ఒక్క కేకతో నిలబెట్టగల గొంతు ఆమెది. ఏటా మార్చిలో మొదటి మంగళవారం జరిగే ఊరి సభలో ఆ గొంతు వినపడకపోతే సభ జరిగినట్టే కాదని ఊళ్లో అనుకునేవారు. వంతెన మరమ్మతు, కుక్కల లైసెన్సు, బడిలో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెట్టడం, దేనిమీదైనా ఆమెకు ఒక అభిప్రాయం ఉండేది. దాన్ని ఆమె ఏనాడూ ఇంట్లో దాచుకుని రాలేదు.

వాళ్లిద్దరికీ పరిచయమైందే రాజకీయం వల్ల. అప్పుడు ఆరిన్‌కు పాతికేళ్లు. విన్నీ ఒక పిటిషన్ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ ఆరిన్ వాళ్ల గుమ్మం ముందుకు వచ్చింది. వచ్చిన పిల్ల ఎర్ర టోపీ పెట్టుకుని, చలికి ముక్కు ఎర్రబడి, చూడముచ్చటగా ఉంది. ఆరిన్ కాగితం వైపు చూడనైనా చూడకుండా సంతకం పెట్టేశాడు.

"ఏం రాసుందో చదివావా?" అంది విన్నీ.

"లేదు."

"చదవకుండా పెట్టిన సంతకం నాకెందుకు?" అని అక్కడికక్కడే దాన్ని కొట్టేసి, కాగితం అతని చేతిలో పెట్టింది. ఆరిన్ మెట్ల మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి, "ఇది నాకు నచ్చలేదు. సంతకం పెట్టను," అన్నాడు.

"అలా చెప్పు, బాగుంటుంది," అని నవ్వింది ఆమె. మరుసటి ఏడాది పెళ్లయింది.

లాథ్రప్‌లది తాతల నాటి నుంచీ రిపబ్లికన్ ఇల్లు. విన్నీ పుట్టింటివాళ్లు డెమొక్రాట్లు. నవంబరులో ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకే బండిలో టౌన్ హాలుకు వెళ్లి, ఒకళ్ల ఓటును ఒకళ్లు కొట్టేసి, ఒకే బండిలో తిరిగి వచ్చేవారు. ఒక ఏడాది పోలింగు నాడు విపరీతంగా మంచు కురిసింది. "ఎలాగూ నీ ఓటూ నా ఓటూ చెల్లుకు చెల్లు. ఇద్దరం ఇంట్లోనే ఉందాం, పొయ్యి దగ్గర వెచ్చగా," అని విన్నీయే అంది. ఆరిన్ సరేనన్నాడు. మధ్యాహ్నం అతను రోడ్డు చూసొస్తానని మంచు బండి తీసుకుని బయలుదేరాడు. నేరుగా టౌన్ హాలు ముందు ఆపి లోపలికి వెళ్తే, అప్పుడే ఓటు వేసి బయటికి వస్తూ విన్నీ ఎదురుపడింది. పక్కింటి ఆవిడ దగ్గర మంచు మీద జారే స్కీలు అరువు తెచ్చుకుని పొలాల మీదుగా వచ్చేసింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

ఆరిన్‌కు అభిప్రాయాలు లేవని ఊరంతా అనుకునేది. ఉన్నాయని విన్నీ ఒక్కదానికే తెలుసు. ప్రభుత్వం మనిషి జేబులోనూ, మనిషి పెరట్లోనూ మరీ ఎక్కువగా చేతులు పెట్టకూడదని అతని నమ్మకం. వంటింట్లో రేడియో వార్తలు వస్తున్నంతసేపూ ఆమెతో దెబ్బకు దెబ్బ వాదించేవాడు. మంచు బండిలో ఒక్కడే ఉన్నప్పుడు గంటలు గంటలు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. కానీ నలుగురి ముందు నోరు పెగిలేది కాదు. ఇరవై మూడేళ్ల వయసులో ఒకసారి ఊరి సభలో రోడ్డు కింద నీళ్లు పోయే పాత మోరీ గురించి చెబుదామని లేచాడు. లేచాక నాలుక పిడచకట్టుకుపోయింది. "ఆ మోరీ..." అన్నాడు, మళ్లీ "ఆ మోరీ..." అన్నాడు, కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించేంత నిశ్శబ్దం. ఆ తరువాత నలభై ఏడేళ్లు సభకు వెళ్లడం మానలేదు, లేవడం మాత్రం మానేశాడు.

అతనికి డెబ్బై ఏళ్లు వచ్చిన చలికాలంలో విన్నీ గొంతులో ఒక చిన్న గడ్డ కనపడింది. డాక్టరు తీసేశాడు. ప్రమాదకరమైనది కాదని చెప్పి, "నాలుగు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. గుసగుసలు కూడా పనికిరావు," అన్నాడు. వేళ్లు మడిచి లెక్క చూసుకుంటే ఆ నాలుగు వారాల్లోనే ఊరి సభ వస్తోంది.

అదీ మామూలు సభ కాదు. ఆ ఏడు ఎజెండాలో తొమ్మిదో అంశం, అసలు ఊరి సభే ఉండాలా వద్దా అనేది. ఇకమీదట హాల్లో కూర్చుని వాదించుకుని చేతులెత్తడం మానేసి, బడ్జెట్టూ బోర్డు సభ్యుల ఎన్నికా అన్నీ అచ్చు వేసిన ఓటు కాగితాలు ఇంటికి పంపి, ఓట్ల పెట్టెలో వేయించుకుందామని ఊరి బోర్డు ప్రతిపాదించింది. అది వినగానే విన్నీ మొహం కందగడ్డలా అయింది. నోరు తెరవబోయింది. ఆరిన్ వేలు చూపించాడు. నోరు మూసుకుని, మెడలో వేలాడుతున్న పలక మీద సుద్దముక్క విరిగేలా రాసింది: "నా కంఠంలో ప్రాణముండగా జరగనివ్వను!"

"నేను ఆ పెట్టె వైపే," అన్నాడు ఆరిన్ కాఫీ తాగుతూ.

విన్నీ అతని వైపు చూసిన చూపుకు పలక అక్కర్లేదు.

నాలుగు రోజులు కూర్చుని ఆమె నాలుగు పేజీల ప్రసంగం రాసింది. సభకు ముందురోజు పొద్దున్న ఆ కాగితాలు అతని పళ్లెం పక్కన పెట్టి, పలక చూపించింది: "నువ్వు చదవాలి."

"నేనా? పక్కింటి ఆడా ఉందిగా! మీ ఇద్దరూ ఒక మాట మీద ఉంటారు. ఆవిడ చేత చదివించు."

"ఆడా నత్తనడక నడుస్తుంది చదివేటప్పుడు."

"ముసలి లుసియెన్ చేత చదివించు."

"లుసియెన్‌కి తన కళ్లజోడు ఎక్కడ పెట్టాడో ఈ జన్మకి గుర్తురాదు."

"నాకు నచ్చని మాటలు నేనెలా చదువుతానే?"

విన్నీ పలక తుడిచి, నింపాదిగా రాసింది: "చదవకుండా సంతకం పెట్టగలిగినవాడివి, నచ్చకుండా చదవలేవా?"

ఆరిన్ ఆ కాగితాలు చూడనైనా చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున్న హాలు నిండిపోయింది. వెనకాల బల్లల మీద ఉడికించిన చిక్కుళ్లు, నల్ల రొట్టెలు, ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన పైలు వేడి పొగలు కక్కుతున్నాయి. బూట్ల బురద నేలంతా పరుచుకుంది. అధ్యక్షురాలు థియా కింబల్ సుత్తితో బల్ల కొట్టి, వచ్చినవాళ్లను లెక్కపెట్టించింది. ఆమెతో కలిపి నూట పంతొమ్మిది మంది. మొదటి ఎనిమిది అంశాలూ అయ్యేసరికి ఆరిన్ చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది. విన్నీ అతని పక్కన పలక ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా కుదురుగా కూర్చుంది.

"తొమ్మిదో అంశం," అంది థియా. "విన్నీ లాథ్రప్ ఒక ప్రసంగం రాసి పంపారు. చదివి వినిపించేది..." కళ్లజోడు పైకెత్తి కాగితం మళ్లీ చూసింది. "ఆరిన్?"

హాల్లో వందకు పైగా తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

అతను మైకు దగ్గరికి ఎలా నడిచాడో అతనికే గుర్తులేదు. మొదటి వాక్యం చదివాడు. గొంతు బయటికే వచ్చింది. రెండోది చదివాడు. మాటలు తనవి కాకపోవడం వల్లనో ఏమో, నాలుక ఈసారి పిడచకట్టలేదు.

"'టీవీలో అరిచేవాణ్ణి మనం ఎదురు ప్రశ్న అడగలేం. ఇక్కడ అడగొచ్చు. ఇక్కడ నా మీద అరిచినవాడే, రేపు నా బండి బురదలో దిగబడితే తాడు పట్టుకొస్తాడు. అది గుర్తుంటుంది కాబట్టి కాస్త చూసుకుని అరుస్తాడు. పెట్టెలో వేసే కాగితానికి అవును, కాదు అనే రెండు మాటలే వచ్చు. అవునుగానీ అనే మాట రాదు. మన ఊరు ఇన్నాళ్లూ నడిచింది ఆ అవునుగానీ మీదే.'"

కొందరు చప్పట్లు కొట్టారు. ఆరిన్ పేజీ తిప్పాడు. తిప్పి, ఆగిపోయాడు.

"చదువు, ఆరిన్," అంది థియా.

అతను విన్నీ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి మేపుల్ చెట్లను చాలా శ్రద్ధగా చూస్తోంది.

"'ఈ మాటలు చదువుతున్న మా ఆయన,'" అని ఆరిన్ చదివాడు, చెవులు ఎర్రబడుతుండగా, "'పెట్టె వైపు ఉన్నాడు. ఎందుకని అడిగితే ఇంట్లో గంట చెప్తాడు. ఇక్కడ చెప్పమంటే బూట్లు చూసుకుంటాడు. అతను ఎందుకలా అనుకుంటున్నాడో మీరు వినకుండా ఓటు వేస్తే అది అన్యాయం. నా వంతు అయిపోయింది. ఇక అతని వంతు.'"

రాసింది అక్కడితో అయిపోయింది. నాలుగో పేజీ ఖాళీగా ఉంది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు హాలంతా పాకింది. ఆరిన్ కూడా నవ్వాడు, నవ్వడం తప్ప ఏం చేయాలో తోచక.

"సరే," అన్నాడు. మైకులో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అది విన్నీది. ఇది నాది. మనూళ్లో రెండు వందల తొంభై ఇళ్లున్నాయి. ప్రతి ఇంటి ముందూ మంచు తోశాను కాబట్టి తెలుసు. ఇవాళ రానివాళ్లు ఎవరో నేను చెప్తాను. రోడా ఫిన్లే రాలేదు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే పడుకుని ఉంటుంది. లుసియెన్ కొడుకులు రాలేదు. ఆవులకి మంగళవారం సెలవని చెప్తే అవి వినవు. పాండ్ హిల్ మీద మిసెస్ ఆర్చర్ రాలేదు, ఆ బురదలో ఆవిడ దిగలేదు. వాళ్లూ మనవాళ్లేగా? ఇంకొకళ్లున్నారు. ఇక్కడికి వచ్చి కూడా రానట్టే ఉండేవాళ్లు. నోరు రానివాళ్లు. చెయ్యెత్తితే పక్కవాడేమనుకుంటాడో అని చెయ్యి సగం లేపి తల గోక్కునేవాళ్లు. నాకు తెలుసు. నలభై ఏడేళ్లుగా నేను తల గోక్కుంటున్నాను. కాగితం మడిచి పెట్టెలో వేస్తే ఎవరికీ జడవక్కర్లేదు. నా మాట అంతే."

అప్పటికే విన్నీ పలక మీద టకటకా రాస్తోంది. లేచి వచ్చి అతని చేతికిచ్చింది. ఆరిన్ దాన్ని మైకులో చదివాడు.

"'మిసెస్ ఆర్చర్‌ని నేను బండిలో తీసుకొస్తాను. సభని మూసేశాక మళ్లీ తెరిపించడం ఎవరి తరం?'" తల ఎత్తకుండానే అన్నాడు, "నీ బండికి ఆ కొండెక్కే టైర్లు లేవు, విన్నీ."

ఆమె పలక లాక్కుని రాసి మళ్లీ ఇచ్చింది.

"'నీ బండికి ఉన్నాయిగా. నువ్వు తీసుకురా, మొద్దు.'" అని చదివాడు ఆరిన్. "అధ్యక్షురాలా, మొద్దు అన్నది ఆవిడ."

హాలు గొల్లుమంది. థియా సుత్తి కొట్టబోయి తానే నవ్వు ఆపుకోలేక, "ఆరిన్, ఒక్కొక్కరికి రెండు సార్లే అవకాశం. ఇప్పుడు మాట్లాడింది నువ్వా, ఆవిడా? నేను రాసుకోవాలి," అంది.

నవ్వులు సద్దుమణిగాక లుసియెన్ డుకెట్ లేచాడు. ఎనభై దాటిన రైతు. బెంచీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఇవాళ పెట్టెకే చెయ్యెత్తుదామని వచ్చాను. మా కుర్రాళ్లు అలాగే చెప్పి పంపారు. ఈ మనిషి ముప్పై నాలుగేళ్లు మా వాకిట్లో మంచు తోశాడు. ఇతనికి మాటలొచ్చని నాకు ఇవాళే తెలిసింది. ఇంత బాగా వచ్చని అసలు అనుకోలేదు. పెట్టే ఉండి ఉంటే నేను ఇది వినేవాణ్ణి కాదు, చచ్చేదాకా. ఆరిన్, నువ్వు చెప్పిందంతా నిజమే. అందుకే నీకు వ్యతిరేకంగా వేస్తున్నా."

ముసలాయన అన్నదాంట్లో మెలిక ఆరిన్‌కు అర్థమయ్యేసరికి హాల్లో సగం మంది తలలు ఊపుతున్నారు.

ఓటింగు మొదలైంది. పెట్టెకు అనుకూలంగా ఉన్నవాళ్లు "అవును" అని అరిచారు. వ్యతిరేకులు "కాదు" అని అరిచారు. అరవలేని విన్నీ వెనక బల్ల మీది చిక్కుళ్ల గిన్నె మూత తీసి గరిటెతో దభదభా వాయించింది.

"గిన్నె చప్పుడు ఓటు కిందకి రాదు విన్నీ!" అంది థియా. "తేడా తెలియడం లేదు. లేచి నిలబడండి. అనుకూలం కిటికీల వైపు, వ్యతిరేకం పొయ్యి వైపు."

బెంచీలు కిర్రుమన్నాయి. ఆరిన్ కిటికీల వైపు నడిచాడు, విన్నీ పొయ్యి వైపు. మధ్యలో ఎదురుపడినప్పుడు ఆమె అతని చొక్కా కాలరు సరిచేసి వెళ్లింది. లెక్క తేలింది: కిటికీల వైపు యాభై ఒకటి, పొయ్యి వైపు అరవై ఏడు. ఊరి సభ నిలిచింది. ఆరిన్ ఓడిపోయాడు.

ఓడిపోయినవాడికి ఉండాల్సిన బాధ కోసం అతను లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. దొరికిందల్లా భరించలేనంత ఆకలి. రెండు గరిటెల చిక్కుళ్లు, మూడు ముక్కల రొట్టె, రెండు ముక్కల ఆపిల్ పై తిన్నాడు. తింటున్నంతసేపూ మనుషులు వచ్చి భుజం తట్టడం, మీద పడి వాదించడం. ఏళ్ల తరబడి రెండు వేళ్లతో పలకరించిన వాళ్లతో అతను చేతులూపుతూ మాట్లాడాడు. భోజనాలయ్యాక చివరి అంశం 'ఇతర విషయాలు' వచ్చింది. ఎవరూ పిలవకుండానే ఆరిన్ లేచాడు.

"సభ ఉంచుకున్నారు, సంతోషం. అయితే శనివారం పెట్టండి. ఆవులు శనివారమూ వినవనుకోండి, రోడా అయినా వస్తుంది."

ఇంటికి వెళ్లే దారిలో విన్నీ పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మలుపు దగ్గర రాసి అతని ముందు పెట్టింది: "ఓడిపోయావు."

"తెలుసు."

తుడిచి మళ్లీ రాసింది: "నలభై నాలుగేళ్లు ఎదురుచూశాను దీని కోసం." సుద్ద అక్షరాల మీద ఒక చుక్క పడి, 'దీని' అన్న మాట చెదిరింది. ఆరిన్ బండి పక్కకు ఆపాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, డాక్టరు మాట దాటకుండా, భుజాలు కదిలిపోయేలా చప్పుడు లేకుండా నవ్వుతోంది, ఏడుస్తోంది.

"ముందే పన్నాగం పన్నావన్నమాట. నాలుగో పేజీ ఖాళీగా పెట్టి," అన్నాడు ఆరిన్. ఆమె తల ఊపింది.

విన్నీ గొంతు ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది, కాస్త బరువెక్కి. వేసవిలో ఊరి బోర్డు కూర్చుని, చట్టం ఒప్పుకుంటుందని తేల్చుకుని, మరుసటి ఏడు సభను మంగళవారానికి ముందున్న శనివారానికి మార్చింది. నవంబరు ఎన్నికల్లో ఇద్దరూ మామూలుగానే చెరొక వైపు ఓటు వేశారు.

సభ జరిగిన ఆ శనివారం నూట అరవై మూడు మంది వచ్చారు. మిసెస్ ఆర్చర్‌ను కొండ మీదనుంచి ఆరిన్ తన బండిలో దించాడు. దారి పొడవునా ఆవిడ అతని పార్టీని తిట్టింది, అతను ఆవిడ పార్టీని తిట్టాడు. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి చిక్కుళ్లు అయిపోతే విన్నీ కేక వేసి పక్కిళ్ల నుంచి తెప్పించింది. ఆ కేక రోడ్డు అవతలికి వినపడింది.

భోజనాల వరసలో రోడా ఫిన్లే ఆరిన్ వెనకే నిలబడింది. అతను పొద్దున్న సభలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు ఇంకా ఎక్కువ చల్లాలని పది నిమిషాలు మాట్లాడాడు.

"ఉప్పు సంగతి మీకు అస్సలు తెలీదు ఆరిన్," అంది రోడా. "నా కారు అడుగు చూశారా? తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది."

"నాకా తెలీనిది? ముప్పై నాలుగేళ్లు చల్లానమ్మా!"

"చల్లారు కాబట్టే జల్లెడైంది."

ఆరిన్ ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టేసి, వాదించడానికి రెండు చేతులూ కావాలన్నట్టు ఆమె వైపు తిరిగాడు. వాళ్ల వెనక వరస కదలక ఆగిపోయింది.